చావింటి మందు

ఫ్లాస్కు మూత ఊడి రావడం లేదు. దాలమ్మ దాన్ని పొట్టకు ఆనించుకుని, పళ్ళు బిగించి తిప్పుతోంది. ఆమె వెనక చీటీలు పట్టుకుని నిలబడ్డ వాళ్ళు అప్పటికే విసుగ్గా గొణుగుతున్నారు.

"ఇటివ్వు పెద్దమ్మా," అంటూ రజని మందుల దుకాణం కౌంటరు మీదుగా చెయ్యి చాపింది.

మూత తెరిస్తే లోపల సగం కరిగిన ఐసు. ఐసు మధ్యన పాలిథిన్ సంచి, అందులో రెండు ఇంజెక్షన్ డబ్బాలు. కిడ్నీ పాడైనవాళ్ళకు డయాలసిస్ అయ్యాక రక్తం పట్టడానికి వేసే సూది మందు అది. చల్లదనం తప్పితే పాడైపోతుంది. తిల్దా నుంచి రాయపూర్ దాకా పాసింజరు బండిలో, మే నెల ఎండలో, ఈ ముసలమ్మ దాన్ని పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చింది.

"మీ మావ పోనాడమ్మా," అంది దాలమ్మ. "పెద్దకర్మ లోపల ఆయన మందు ఇల్లు దాటీయాల. ఎవులికీ పనికిరాకుండా పారబోత్తే పాపం కాదేటి? అందికే అట్టుకొచ్చినాను."

రజని ఫ్లాస్కును కౌంటరు మీద దించింది. దాలమ్మ మొగుడు సూరిబాబు తనకు తెలుసు. రైసుమిల్లులో బాయిలరు దగ్గర పనిచేసిన మనిషి, పొడుగ్గా, కాస్త వంగి నడిచేవాడు. డయాలసిస్‌కు వచ్చిన ప్రతిసారీ ఈ దుకాణం మెట్టు మీదే కూర్చుని, "మన తెనుగు పిల్ల ఉంది, మోసం నేదు," అని పక్కవాళ్ళకు చెప్పేవాడు. తెలుగు మాట చెవిన పడితే చాలు, ఈ ఊళ్ళో అంత నమ్మకం.

"ఎప్పుడు పోయాడు?"

"ఏకాశి ఎల్లిన మర్నాడు."

చావు జరిగిన ఇంటి నుంచి వచ్చిన మందును వెనక్కి తిప్పకూడదన్నది పచ్‌పేడీ నాకా మందుల దుకాణాల్లో కట్టుబాటు. ఎవరూ ఎక్కడా రాయలేదు. బేరం ఆడరు, రసీదు అడగరు. సీలు చూస్తారు, తారీకు చూస్తారు, తీసుకుంటారు. రజని పనిచేసే దుకాణం యజమాని సేఠ్‌జీ పైసా దగ్గర మహా పీనాసి గానీ, ఆయన కూడా ఈ ఒక్క విషయంలో నోరెత్తేవాడు కాదు. చావింటి శాపం ఎవడు మోస్తాడు!

కాకపోతే ఇప్పుడు చైన్ వచ్చింది. నకిలీ మందులు ఎక్కువయ్యాయని ఈ ఒక్క ఇంజెక్షన్‌తో కొత్త పద్ధతి మొదలుపెట్టారు. ప్రతి డబ్బా మీదా చదరపు గుర్తు ఒకటి. ఫ్యాక్టరీ వాడు, హోల్‌సేల్ వాడు, దుకాణం వాడు, చేతులు మారినప్పుడల్లా దాన్ని స్కాన్ చెయ్యాలి. అమ్మేటప్పుడు ఆఖరి స్కాను. కొన్నవాడు తన ఫోన్లో చూసుకుంటే అసలు మందుకు ఆకుపచ్చ టిక్కు వస్తుంది. ఒకసారి అమ్మి, కొన్నవాడు చూసుకున్న డబ్బాను ఇంకెవరి ఫోన్లోనైనా మళ్ళీ చూస్తే ఎర్ర గుర్తు పడుతుంది, నకిలీ కావచ్చని. కంపెనీ నుంచి వచ్చిన చాందిని అనే అమ్మాయి మిఠాయి డబ్బా పంచి మరీ చెప్పింది. దీన్ని బ్లాక్‌చైన్ అంటారట, లెక్క ఒక్కచోట కాదు, ఎన్నో కంప్యూటర్లలో ఒకేసారి పడుతుందట, బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెరపలేడట. బ్రహ్మ రాతకే దిక్కులేదు, ఇది ఇంకో రాత అనుకుని రజని లడ్డూ తింది.

ఆ రాతలో వాపసు తీసుకోవడానికి మాత్రం చోటు లేదు. దాలమ్మ కొన్నప్పుడే ఈ రెండు డబ్బాలూ అమ్ముడైనట్టు పడిపోయాయి.

రజని సీలు చూసింది. తారీకు చూసింది. "చల్లగానే ఉంచావా?"

"మిల్లు ఆఫీసు ఫ్రిజ్జీలో ఎట్టినాం. తాళం ఏసి మరీ."

"తీసుకుంటున్నా పెద్దమ్మా. కూర్చో, నీళ్ళు తాగు."

దాలమ్మ కూర్చోలేదు. ఫ్లాస్కులో ఐసునీళ్ళు మెట్టు పక్కన మొక్కకు పోసేసి, చీరకొంగుతో ఫ్లాస్కు తుడుచుకుని వెళ్ళిపోయింది. రజని ఆ డబ్బాలను ఫ్రిజ్ తలుపు అరలో, మిగతా సరుకుకు తగలకుండా పెట్టింది.

ఆ వారమంతా ఎండ మాడ్చేసింది. రెండు రోజులు పోయాక సాయంత్రం, హోల్‌సేల్ బండి రాలేదు. ఇంజెక్షన్ నిండుకుంది. నయా రాయపూర్ సచివాలయంలో పనిచేసే ఒకాయన, మెళ్ళో గుర్తింపు కార్డు ఇంకా తియ్యలేదు, చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. వాళ్ళమ్మకు డయాలసిస్ అయిపోవస్తోంది, సూది ఇప్పుడే పడాలి. అన్ని దుకాణాలూ తిరిగాడట, ఎక్కడా లేదట.

"మేడమ్, కుఛ్ కీజియే," అని బతిమాలాడు. ఆ మాటకు ముందు ఎంత తిరిగాడో ఆ గొంతే చెబుతోంది.

పొద్దుటి నుంచి నిలబడి రజని కాళ్ళు లాగేస్తున్నాయి. ఫ్రిజ్ తలుపు తీసింది. మందు మంచిదే, చల్లగానే ఉంది, అవతల ప్రాణం మీదకొచ్చింది. ఇన్నేళ్ళూ చేసింది ఇదే కదా. బిల్లు చేతితో రాసి, స్కాను చెయ్యకుండా ఒక డబ్బా ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు డబ్బా మీది గుర్తు వైపు ఒకసారి చూసింది. కానీ తర్వాతి చీటీ అప్పటికే మొహం ముందుకు వచ్చేసింది.

ఆయన పావుగంటలో తిరిగొచ్చాడు. ఈసారి గొంతు వేరు. సూది ఎక్కించే ముందు ఆస్పత్రి నర్సు ఆయన ఫోన్లో స్కాన్ చేసిందట. ఎర్ర గుర్తు. 'ఈ మందు ఇదివరకే అమ్ముడైంది. నకిలీ కావచ్చు. వాడవద్దు.' ఫోను అందరికీ చూపిస్తూ, "మా అమ్మను చంపుదామనుకున్నారా?" అని హిందీలో కేకలు పెట్టాడు. జనం మూగారు. ఎవరో వీడియో తీశారు. రజని, "అది వాపసు వచ్చిన మందు భయ్యా, అసలైనదే," అంటూనే ఉంది. వినేదెవరు? వాపసు అన్న మాటతో మంట ఇంకా పెరిగింది. నిజానికి అంతకంటే మర్యాదైన మాట కూడా దొరకలేదు ఆమెకు.

మర్నాడు పొద్దున దుకాణం తెరవకముందే సేఠ్‌జీ వచ్చేశాడు. నుదుట బొట్టు కూడా సరిగ్గా పెట్టుకోలేదు.

"ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. ఆ రెండోది ఎక్కడ?"

రజని ఫ్రిజ్ తలుపు చూపించింది.

"నిన్నటిది వాళ్ళ చేతిలో ఎలాగూ ఉంది. ఇది కూడా దొరికిందా, పూరా ఖతం. ఇంటికి తీసుకుపో. మోరీలో పారెయ్." ఆపైన గోడ వైపు చూశాడు. లక్ష్మీదేవి పటం పక్కనే అద్దం బిగించిన రజని ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఉంది. "లైసెన్స్ నీది రజనీ. జవాబు కూడా నువ్వే చెప్పుకోవాలి. నేను వ్యాపారం చేసుకునేవాణ్ణి, నాకు మందుల సంగతి ఏం తెలుసు!"

ఇన్నాళ్ళూ ఏ మందు ఎక్కడ చవకగా దొరుకుతుందో తనకు తెలిసినట్టు రాయపూర్‌లో ఎవరికీ తెలియదని చెప్పుకున్న మనిషి ఆయన.

ఇన్‌స్పెక్టర్ సాహు నలిగిన చొక్కాతో వచ్చాడు. అరవలేదు, బెదిరించలేదు. ఎర్ర గుర్తు పడ్డ డబ్బాకు లక్క సీలు వేశాడు, నోటీసు ఇచ్చాడు. శుక్రవారం ఆఫీసుకు వచ్చి సమాధానం చెప్పాలి. చెప్పలేకపోతే రజని పేరు ఫార్మసిస్టుల జాబితాలోంచి తీసేస్తారు. యాభై దగ్గర పడుతున్న మనిషికి ఈ ఉద్యోగం పోతే ఇంకోటి ఎవరిస్తారు? మొగుడు రఘు రైల్వే వాగన్ రిపేర్ షాపులో నడుం విరగ్గొట్టుకుని ఏడాదిగా తేలిక పని మీద ఉన్నాడు. ఆమె ఆ నోటీసును మడిచి పర్సులో పెట్టుకుంది.

సాహుతో పాటు వచ్చిన చాందిని ఒక పక్కన నిలబడి లాప్‌టాప్ చూసుకుంటోంది.

"సిస్టమ్ తప్పు చెప్పలేదు మేడమ్," అంది మెల్లగా. "ఒకసారి అమ్మిన డబ్బా రెండోసారి అమ్మితే నకిలీ అనే అనుకుంటుంది. వాపసు తీసుకునే మీట పెట్టలేదు. మీటింగ్‌లో వద్దన్నారు."

"చచ్చిపోయినవాళ్ళ మందులు ఏం చెయ్యాలని మీటింగ్‌లో ఎవరూ అడగలేదా?"

చాందిని లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంది. పిల్ల మంచిదే. అడగాలని తట్టలేదు, అంతే.

ఇంటికి వెళ్ళాక రజని ఐసులో దాచి తెచ్చిన ఆ రెండో డబ్బాను మోరీలో పారెయ్యలేకపోయింది. ఎన్నో ఏళ్ళుగా మందు పారెయ్యని చెయ్యి. పెరుగు గిన్నె పక్కన పెట్టి ఫ్రిజ్ మూసేసింది.

"సాక్ష్యం చెప్పడానికి ఆ ముసలమ్మ వస్తే బాగుంటుంది కదా," అన్నాడు రఘు మంచం మీద నుంచే. "ఇక్కడే కొన్నాను, ఆకుపచ్చ వచ్చింది, మిగిలింది తిరిగిచ్చాను అని చెబితే చాలు."

రజనికి అదే తోచింది. కానీ మొగుడు పోయి పదిరోజులు కాని మనిషిని ఆఫీసులకు రమ్మని ఏ మొహంతో అడగడం? అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ప్రాణం. మర్నాడు సెలవు పెట్టి తిల్దా బండెక్కింది. మాంఢర్, సిలియారి, బైకుంఠ్, ప్రతి స్టేషన్లోనూ బండి తీరుబడిగా ఆగింది. కిటికీలోంచి వడగాలి మొహాన కొట్టింది.

మిల్లు వెనక లైను ఇళ్ళు. ఊక బూడిద ఎగిరొచ్చి అరుగుల మీదా బట్టల మీదా పరుచుకుని ఉంది. దాలమ్మ చీపురుతో ఊడుస్తోంది. ఊడ్చిన చోటే మళ్ళీ పడుతోంది, అయినా ఊడుస్తోంది.

"ఓలమ్మ, నువ్వేటి ఇంత దూరం!" అని చీపురు పడేసి, నులక మంచం వాల్చింది. సంగతంతా విన్నాక ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రాకేటి? మందు అట్టుకొత్తే కాదనకుండా తీసుకున్నావు. దానికి నీకు ముప్పు వత్తే నాను ఇంటికాడ కూకుంతానేటి? మైల అంతారు. ఆఫీసులోల్లకి మైలేటి?"

రజని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాలమ్మ ఇచ్చిన మజ్జిగ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుని తాగింది.

"మంచి మందే అమ్మా అది," అంది దాలమ్మ గోడకు చేరగిలబడి. "పెతీసారీ మిల్లు గుమస్తా ఫోనులో సూపించేవోడు. ఆకుపచ్చ గురుతు ఒచ్చీది. అది సూసి మీ మావ సంబరపడీవోడు. కానీ ఏటి లాభం, ఒంటికి పట్నేదు. రగతం దిగిపోతనే ఉంది. ఆకరికి డాక్టరు బాబు తిట్టీసినాడు."

"ఎందుకు?"

"సూది ఏయించుకుంతన్నావా, బయట అమ్మీసుకుంతన్నావా అని. అందరి ముందరే. ఏయించుకుంతే రగతం ఎందుకు పెరగదూ అని. నాను ఫోనులో పచ్చ గురుతు సూపిత్తే, ఆ గురుతు కొన్నట్టే గానీ పొడిపించుకున్నట్టా అన్నాడు." దాలమ్మ కళ్ళు తుడుచుకోలేదు, ఆమె కళ్ళు ఎండిపోయే ఉన్నాయి. "ఆ మాటకి మీ మావ రెండ్రోజులు కూడు ముట్నేదు. బాయిలరు కాడ బొగ్గుముక్క కూడా ఇంటికి తేని మనిసి. తన మందు తాను అమ్ముకుంతాడేటి?"

రజని మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. తిరుగు ప్రయాణంలో ఆ మాటే చెవిలో తిరిగింది. ఒంటికి పట్టలేదు. కొందరికి పట్టదు, అది మామూలే. ఇనుము తక్కువైనా పట్టదు, చీము ఉన్నా పట్టదు. సర్ది చెప్పుకోవడానికి కారణాలు చాలానే దొరికాయి. రాయపూర్ ముందు ఉర్కురా స్టేషన్ దాటేసరికి ఒక్కటీ మిగల్లేదు.

శుక్రవారం పొద్దున పెరుగు కోసం ఫ్రిజ్ తీసినప్పుడు డబ్బా కనిపించింది. రజని దాన్ని తీసి, సీసా బయటికి లాగింది. మూత మీద సీలు చెక్కుచెదరలేదు. ఈ మందును కుదపకూడదని మొదటిరోజే నేర్పుతారు. కుదిపితే సబ్బునీళ్ళలా నురగ కడుతుంది, ఆ నురగ ఓ పట్టాన దిగదు, మందు చెడిపోతుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ కుదపలేదు. ఇప్పుడు కుదిపింది. గట్టిగా కుదిపింది.

నాలుగు బుడగలు లేచి, అప్పుడే చచ్చిపోయాయి. మంచినీళ్ళ గ్లాసును కుదిపితే ఇంతే.

మళ్ళీ కుదిపింది. మళ్ళీ అంతే. రజని ఫ్రిజ్ తలుపు మూయడం మర్చిపోయి నేల మీద కూర్చుంది. లోపలి నుంచి చల్లగాలి మోకాళ్ళకు తగులుతోంది. ఎవరో అసలు డబ్బా గుర్తును అచ్చుగుద్ది నీళ్ళ సీసాల మీద అంటించారు. ఆ చైన్ కాపలా కాసింది గుర్తుకు, సీసాలో ఉన్నదానికి కాదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ మందే లేదు. ఈ డబ్బాలు వచ్చిన పెట్టెలోవి ఇంకెవరెవరికి ఇచ్చిందో తలుచుకుంటే, మెట్టు మీద కూర్చునే మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాళ్ళలో కొందరు ఈ వారం కూడా వస్తారు. తనిచ్చిన డబ్బాలు వాళ్ళ ఇళ్ళలో ఇంకా ఉండే ఉంటాయి.

"ఏమైంది?" అని రఘు పిలిచాడు.

"టిఫిన్ డబ్బాలో ఐసు కావాలి," అంది రజని.

ఆఫీసులో పంకా తిరుగుతోంది గానీ గాలి లేదు. సేఠ్‌జీ ముందే వచ్చి నవ్వుతూ కూర్చున్నాడు. చాందిని లాప్‌టాప్ తెరిచి ఉంది. దాలమ్మ, తెల్లారగట్ల బండెక్కి ఒక్కతే వచ్చిన మనిషి, కుర్చీ అంచున కూర్చుని అడిగినదానికల్లా వచ్చీరాని హిందీలో జవాబు చెప్పింది. మందు మంచిది. ఇక్కడే కొన్నాం. పచ్చ గుర్తు వచ్చింది. ఆఫీసు గుమస్తా అదంతా హిందీలో రాశాడు. వేలిముద్ర ఒక్కటే మిగిలింది.

సాహు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "చూడండి మేడమ్. వాపసు మందు అమ్మడం తప్పే. కానీ ఫ్యాక్టరీ నుంచి మీ దుకాణం దాకా రికార్డు శుభ్రంగా ఉంది, ఈమె సాక్ష్యం కూడా ఉంది. నకిలీ కాదని తేలింది కాబట్టి ల్యాబ్‌కు పంపాల్సిన పని లేదు. పంపినా నెలలు పడుతుంది. హెచ్చరిక రాసి మూసేస్తాను. మళ్ళీ చెయ్యకండి."

సేఠ్‌జీ రెండు చేతులూ జోడించాడు. చాందిని ఊపిరి పీల్చుకుంది.

అక్కడితో అయిపోయేది. లేచి దణ్ణం పెట్టి బయటికి వస్తే, సాయంత్రానికి కౌంటరు వెనక ఎప్పట్లాగే నిలబడవచ్చు. రజనికి ఎంత అలసటగా ఉందంటే, ఆ మాటకు తలూపడం కన్నా తేలికైన పని లోకంలో ఏదీ లేదనిపించింది. దాలమ్మ ఆమె వైపు చూసి, గెలిచామన్నట్టు కళ్ళతోనే నవ్వింది. ఆ నవ్వు చూసి రజని టిఫిన్ డబ్బా తెరిచింది.

"సార్, దీన్ని ల్యాబ్‌కు పంపండి. ఈమె ఇచ్చిన రెండోది. మొన్నటిది కూడా పంపండి." సీసా తీసి బల్ల మీద కుదిపి చూపించింది. "నురగ రావాలి. రావడం లేదు. ఇది మందు కాదనుకుంటున్నాను."

"పాగల్ హో గయీ హై క్యా? పిచ్చెక్కిందా నీకు?" అని సేఠ్‌జీ సగం లేచాడు.

"రికార్డులో అంతా ఆకుపచ్చే కదా సార్," అంది చాందిని. అన్నాక ఆమె గొంతు తగ్గిపోయింది. "గుర్తును నకలు తీసి అంటించి, అసలు డబ్బా కంటే ముందు ఆ నకలును దుకాణంవాళ్ళు స్కాన్ చేస్తే… సిస్టమ్‌కు తెలియదు."

సాహు సీసాను వెలుగుకు ఎత్తి చాలాసేపు చూశాడు. తర్వాత రజనిని చూశాడు. "ఇది దాచి, ఇప్పుడు తెచ్చారు. దీని అర్థం తెలుసా మీకు? ఇక ఇది వాపసు కేసు కాదు. నకిలీ మందు అమ్మిన కేసు. దీన్ని మీ దాకా పంపినవాడెవడో తర్వాత తేలుతుంది. ముందు వచ్చేది మీ లైసెన్సు."

"తెలుసు సార్. ఇవి వచ్చిన పెట్టెలోవి ఇంకా చాలామంది ఇళ్ళలో ఉన్నాయి. ముందు వాళ్ళకు చెప్పాలి."

దాలమ్మ ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూస్తోంది. "ఏటంతన్నారమ్మా?"

రజని కుర్చీ ఆమె వైపు జరుపుకుంది. చెప్పింది. తెలుగులో, చిన్న మాటల్లో, దేనికీ పైపూత లేకుండా. చెబుతున్నంతసేపూ దాలమ్మ ఆ సీసానే చూస్తూ ఉంది. ఆమె మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో రజనికి తెలియలేదు.

"అయితే మీ మావ సూది ఏయించుకున్నట్టా, ఏయించుకోనట్టా?"

"వేయించుకున్నాడు పెద్దమ్మా. ప్రతిసారీ వేయించుకున్నాడు. అందులో మందు లేదు."

"నువ్విచ్చిందే కదా."

"నేనిచ్చిందే. నాకు తెలీదు. కానీ ఇచ్చింది నేనే."

తిడుతుందేమో, కొడుతుందేమో అని రజని ఎదురుచూసింది. కొట్టినా బాగుండుననిపించింది. దాలమ్మ మాత్రం బల్ల మీద ఉన్న కాగితం వైపు వేలు చూపించింది. "అది సింపీమను. మంచి మందని సెప్పినాను, అది అబద్దం. ఇంకోటి రాయమను."

గుమస్తా సాహు వైపు చూశాడు. సాహు తలూపాడు. కానీ ఈసారి దాలమ్మ చెప్పేది హిందీలోకి రావడం లేదు. రజని కలం తీసుకుంది. ఆమె చెప్పింది చెప్పినట్టు హిందీలో రాసింది. అమ్మినవారి పేరు అన్నచోట ఆగకుండా తన పేరు రాసి, దుకాణం గోడ మీద ఉన్న సర్టిఫికెట్ నంబరు వేసింది. సేఠ్‌జీ అప్పటికే ఫోను చెవిన పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

రాయడం అయ్యాక మొత్తం తెలుగులో చదివి వినిపించింది. దాలమ్మ తన పేరు దగ్గరా రజని పేరు దగ్గరా ఒకేలా తలూపింది. ఇంకు ప్యాడ్ మీద వేలు నొక్కి, కాగితం మీద పెట్టబోయి ఆగింది.

"ఇలాంటి కాయితం ఇంకోటి తీత్తారేటి?"

"తీస్తారు. నీకొకటి ఇస్తారు."

"నాకెందుకమ్మా, నాను సదవగలనేటి? డాక్టరు బాబుకి పంపమను. మా ఆయన మందు అమ్ముకోనేదని అందులో ఉంది కదా."

అందులో అది లేదు. ఆ మాట ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. రజని కాగితాన్ని తన వైపు తిప్పుకుని, వేలిముద్రకు వదిలిన చోటుకు పైన, మిగిలిన సన్నటి ఖాళీలో ఆ ఒక్క వాక్యం రాసింది. కింద నకలు పంపాల్సిన డాక్టరు పేరు కూడా రాసింది. అప్పుడు దాలమ్మ వేలు పెట్టింది.